ఇసుకలో ఒక్క సాయంత్రం: విజయవాడ నుంచి థార్ ఎడారికి సెలవుల లెక్క

శుక్రవారమో సోమవారమో సెలవు కలిసొచ్చి మూడు నాలుగు రోజులు చేతికందితే విజయవాడ, గుంటూరు వాళ్ళ చూపు ముందు అరకు మీద, తర్వాత గోవా మీద పడుతుంది. ఈ మధ్య ఆ వరసలోకి రాజస్థాన్‌లోని జైసల్మేర్ కూడా వచ్చి చేరింది. ఫొటోల్లో చూస్తే పెద్ద చిక్కేమీ కనపడదు: ఇసుక దిబ్బ, ఒంటె, గుడారం, పక్కన నెగడు. తీరా బయల్దేరాక మొదటి రోజంతా విమానాశ్రయాల్లో, రెండో రోజు సగం టాక్సీలో గడిచిపోయి, దిబ్బల దగ్గరికి చేరేసరికి పొద్దు గుంకిపోతుంది. మూడో రోజు తిరుగు విమానం. డబ్బు పెట్టింది ఎడారి కోసం, చూసింది హైవే.

దీనికి దూరాన్ని తప్పుపట్టి లాభం లేదు. లెక్క మొదలుపెట్టే చోటే తేడా. అందరూ ఇంటి దగ్గర మొదలుపెట్టి ముందుకు లెక్కేస్తారు: ఎన్ని గంటలకు బయల్దేరాలి, ఎక్కడ దిగాలి, ఆ తర్వాత ఏం చూడాలి అని. ఎడారిలో పనికొచ్చే సమయం రోజంతా ఉండదు. సాయంత్రం 4 నుంచి చీకటి పడ్డాక రెండు మూడు గంటలు, మళ్ళీ తెల్లవారుజాము నుంచి 9 దాకా. అంతే. మిట్టమధ్యాహ్నం ఇసుక మీద చేసేదేమీ లేదు. అందుకని ఆ ఒక్క సాయంత్రం ఏ రోజున పడాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ గన్నవరం దాకా రావాలి. అలా వస్తే చాలా ప్రశ్నలకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

మూడు రోజులైతే ఒక దారి, నాలుగైతే ఇంకోటి

గన్నవరం నుంచి జైసల్మేర్‌కు గానీ జోధ్‌పూర్‌కు గానీ నేరుగా విమానం లేదు. హైదరాబాద్, బెంగళూరు, ముంబై, ఢిల్లీ వీటిలో ఒకచోట మారాల్సిందే. జైసల్మేర్ విమానాశ్రయానికి సర్వీసులు ప్రధానంగా చలికాలానివే. విమానాల శీతాకాలపు షెడ్యూలు అక్టోబరు చివరి ఆదివారం మొదలై మార్చి చివరి వారాంతం దాకా నడుస్తుంది. ఏ ఊరి నుంచి ఏ కంపెనీ నడుపుతుందన్నది ఏటా మారుతూ ఉంటుంది కాబట్టి నిరుడు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిన వివరాలు నమ్ముకుని సెలవు పెట్టకూడదు. జోధ్‌పూర్‌కు ఏడాది పొడుగునా విమానాలుంటాయి. చాలామందికి చివరికి కుదిరేది అదే.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ రోడ్డు మీద దాదాపు 280 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది, 5 గంటలు పడుతుంది. అక్కడి నుంచి పర్యాటకులు వెళ్ళే సమ్ ఇసుక దిబ్బలకు మరో 40 కిలోమీటర్లు. అంటే జోధ్‌పూర్‌లో మధ్యాహ్నం దిగినవాళ్ళకు ఆ సాయంత్రం ఇసుక మీద సూర్యాస్తమయం దొరకదు. మర్నాటి సాయంత్రమే గతి. మూడో రోజు తెల్లారి దిబ్బల మీద నుంచి బయల్దేరినా, జోధ్‌పూర్ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. అప్పుడు విమానం పట్టుకుని మరోచోట మారి ఇల్లు చేరాలి. మూడు రోజుల్లో ఇది అసాధ్యం కాదు గానీ, పది గంటలకు పైగా కారులోనే పోతుంది. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న కుటుంబానికి అది సెలవు కాదు, శిక్ష.

అందుకే మూడు రోజులే ఉన్నవాళ్ళు జైసల్మేర్ ఊసెత్తకుండా ఓసియా వైపు చూడటం మంచిది. జోధ్‌పూర్‌కు ఉత్తరాన 65 కిలోమీటర్లు, గంటన్నర లోపు ప్రయాణం. 8వ శతాబ్దం నాటి నుంచి కట్టిన గుళ్ళున్నాయి, సచియా మాత ఆలయం ఉంది, ఊరి చుట్టూ దిబ్బలున్నాయి, గుడారాల క్యాంపులున్నాయి. దిబ్బలు సమ్ అంత విశాలంగా ఉండవు, మధ్య మధ్య పొదలు కనిపిస్తాయి. కానీ మొదటి రోజు జోధ్‌పూర్‌లో దిగి విశ్రాంతి తీసుకుని, రెండో రోజు పొద్దున్నే 1459లో రావ్ జోధా పునాది వేసిన మెహ్రాన్‌గఢ్ కోట తిరిగి, ఒంటిగంటకు భోంచేసి బయల్దేరినా గుళ్ళు చూసుకుని నాలుగింటికల్లా ఇసుక మీద ఉండొచ్చు. మూడో రోజు సూర్యోదయం చూసి పన్నెండు లోపు విమానాశ్రయంలో ఉండొచ్చు. జైసల్మేర్ అన్న పేరు మాత్రం చెప్పుకోవడానికి ఉండదు.

నాలుగు రోజులుంటే జైసల్మేర్‌కు నిక్షేపంగా వెళ్ళొచ్చు. మొదటి రోజు పూర్తిగా ప్రయాణం కిందే రాసుకోవాలి. రెండో రోజు ఉదయం కోట, మధ్యాహ్నం కుల్ధారా అనే పాడుబడ్డ ఊరి మీదుగా దిబ్బలు, రాత్రి క్యాంపు. మూడో రోజు సూర్యోదయం అయ్యాక ఊళ్ళోకొచ్చి హవేలీలు, గడీసర్ చెరువు. నాలుగో రోజు తిరుగు ప్రయాణం. దిబ్బల సాయంత్రాన్ని రెండో రోజుకే పెట్టడంలో ఒక కిటుకుంది. మొదటి రోజు విమానం ఆలస్యమై అర్ధరాత్రి చేరినా ఆ సాయంత్రం చెక్కుచెదరదు. క్యాంపును మొదటి రాత్రికే బుక్ చేసుకున్నవాళ్ళు ఒక్క విమానం తప్పిపోతే మొత్తం పోగొట్టుకుంటారు. అడ్వాన్సు వెనక్కిరాదు, సెలవుల రద్దీలో మర్నాటికి గుడారం దొరకదు.

రైలు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. చెన్నై–జైపూర్ లాంటి రైళ్ళు విజయవాడ మీదుగానే వెళ్తాయి. కానీ జైపూర్ చేరడానికే ఒక పగలూ ఒక రాత్రీ సరిపోవు, అక్కడి నుంచి జైసల్మేర్‌కు మరో రాత్రి ప్రయాణం. వారం సెలవు పెట్టగలిగితే రైలు హాయి, ఖర్చూ తక్కువ. మూడు నాలుగు రోజులకు పనికిరాదు.

గన్నవరమా, శంషాబాదా

గన్నవరంలో ఎక్కి హైదరాబాద్‌లో మారడం పైకి సుఖంగా కనిపిస్తుంది. రెండు టిక్కెట్లూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే నిజంగానే సుఖం. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మరో విమానంలో పంపే బాధ్యత విమాన కంపెనీదే, సామాను కూడా నేరుగా జోధ్‌పూర్‌లోనే చేతికొస్తుంది. వెయ్యి, రెండు వేలు కలిసొస్తుందని వేర్వేరు కంపెనీల్లో విడివిడి టిక్కెట్లు కొంటేనే తంటా. మొదటిది ఎంత ఆలస్యమైనా రెండో కంపెనీకి సంబంధం లేదు. సామాను తీసుకుని బయటికొచ్చి, మళ్ళీ చెక్-ఇన్ చేసి, మళ్ళీ సెక్యూరిటీ దాటాలి. విడి టిక్కెట్లే కొనాల్సివస్తే మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోవాలి.

డిసెంబరు రెండో సగం నుంచి జనవరి నెలాఖరు దాకా పొగమంచు ఇంకో పేచీ. ఢిల్లీలో తెల్లవారుజాము విమానాలు గంటల తరబడి ఆగిపోవడం ఏటా ఉండేదే. గన్నవరంలో కూడా ఆ రోజుల్లో పొద్దున పూట మంచు పట్టి విమానాలు ఆలస్యం కావడం, కొన్నిసార్లు హైదరాబాద్‌కు మళ్ళించడం మామూలే. కాబట్టి ఆ నెలన్నరలో ఢిల్లీ మీదుగా వెళ్ళే టిక్కెట్ చవగ్గా వచ్చినా ముంబై, హైదరాబాద్ దారే మేలు. గన్నవరం నుంచి మొదటి విమానం కంటే 10 తర్వాతది నమ్మకం. గుంటూరు వాళ్ళకు ఇక్కడ మరో లెక్క ఉంది. మంగళగిరి, వారధి, బెంజి సర్కిల్ దాటుకుని గన్నవరం చేరడానికి పొద్దున ఏడు లోపైతే గంటంపావు, తొమ్మిది తర్వాతైతే రెండు గంటలు వేసుకోవాలి.

రోడ్డు మీద శంషాబాద్ వెళ్ళి అక్కడ నేరు విమానం ఎక్కడం కొందరికి లాభం. విజయవాడ నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా ఐదు గంటల దారి, నలుగురు కలిస్తే కారు ఖర్చు నాలుగు విమాన టిక్కెట్ల కంటే బాగా తక్కువ. సంక్రాంతికి పంతంగి, కొర్లపహాడ్ టోల్ ప్లాజాల దగ్గర కార్లు బారులు తీరతాయని భయపడక్కర్లేదు. పండగ ముందు ఆ రద్దీ హైదరాబాద్ నుంచి ఇటు వస్తుంది, మీరు అటు వెళ్తారు. పండగ అయ్యాక జనం అటు పోతారు, మీరు ఇటు వస్తారు. రెండుసార్లూ మీ పక్క దారి ఖాళీ. సంక్రాంతికి ఇంట్లో పెద్దవాళ్ళను ఒప్పించి ఊరు దాటడం మాత్రం టోల్ ప్లాజా కంటే కష్టం.

నెల, తిథి రెండూ చూసుకోవాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా థార్‌కు సీజను. జనవరిలో జైసల్మేర్‌లో పగలు 24 డిగ్రీల చుట్టూ, రాత్రి 8 చుట్టూ ఉంటుంది. చలిగాలులు వీస్తే 5 కంటే కిందికి పోతుంది. అక్టోబరులో దసరా సెలవులకు వెళ్తే పగలు ఇంకా 35 దగ్గరే ఉంటుంది. దీపావళి వారంలో గుజరాత్ నుంచి జనం పోటెత్తుతారు. ఆ వారం జైసల్మేర్‌లో గది దొరికినా కోట సందుల్లో నడవడానికి చోటు దొరకదు. క్రిస్మస్ నుంచి జనవరి 2 దాకా క్యాంపుల ధరలు రెట్టింపు దాటడం మామూలు. అదే క్యాంపు జనవరి రెండో వారంలో మళ్ళీ మామూలు ధరకు దిగుతుంది.

మే, జూన్‌లో చవగ్గా వస్తుందని వెళ్ళేవాళ్ళున్నారు. బెజవాడ ఎండల్లో పుట్టి పెరిగాం, అక్కడి ఎండ మనల్నేం చేస్తుందన్న ధీమా దానికి కారణం. బెజవాడలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి చెమట ఒంటికి అంటుకుని చికాకు పెడుతుంది, ఆ చికాకే మనిషిని నీడలోకి తోలి నీళ్ళు తాగిస్తుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జైసల్మేర్‌లో గాలి పొడి. చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లో నీళ్ళు మాత్రం అయిపోతుంటాయి. తలనొప్పి మొదలయ్యేదాకా సంగతి తెలియదు. పైగా ఆ నెలల్లో ఇసుక తుఫాన్లు లేస్తాయి. చలికాలంలో కూడా ఇదే సూత్రం కొంత పనిచేస్తుంది: దాహం వెయ్యదు కాబట్టి పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, రెండో రోజుకు కాళ్ళు పట్టేస్తాయి. గడియారం చూసుకుని తాగించాలి.

ఇక తిథి. నక్షత్రాలు చూడాలని వెళ్ళేవాళ్ళు పంచాంగం తిప్పకుండా టిక్కెట్ కొంటే పున్నమి వెలుగులో ఆకాశం వెలవెలబోయి కనిపిస్తుంది. అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజులు చుక్కలకు మంచివి. బహుళ అష్టమి దాటాక చంద్రుడు అర్ధరాత్రి తర్వాతే వస్తాడు కాబట్టి ముందు రాత్రంతా చీకటే. వెన్నెల్లో దిబ్బలు చూడటం ఇష్టమైతే పున్నమి రోజులు. రెండూ బాగుంటాయి, రెండూ ఒకేసారి దొరకవు. 2026లో క్రిస్మస్ శుక్రవారం పడింది, చక్కటి మూడు రోజుల సెలవు. కానీ పున్నమి వెళ్ళి ఒకటి రెండు రోజులే అవుతుంది. చీకటి పడ్డ కాసేపటికే చంద్రుడు పైకొచ్చేస్తాడు. చుక్కల కోసమైతే ఆ వారాంతం వద్దు. ఇంకో మాట: ఫొటోల్లో కనిపించే పాలపుంత నడిబొడ్డు డిసెంబరు, జనవరి రాత్రుల్లో కనిపించదు. ఆ రెండు నెలల్లో కృత్తికలు, మృగశిర వేటగాడు (ఓరియన్), నడినెత్తిన మెరిసే పెద్ద చుక్కలు ఉంటాయి. అవీ తక్కువేం కాదు.

మాఘ పున్నమికి ముగిసేట్టు మూడు రోజులు జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం జరుపుతారు. పగడీలు చుట్టే పోటీ, మీసాల పోటీ, ఒంటెల పందేలు ఉంటాయి. జనం ఇష్టమైతే వెళ్ళొచ్చు. ప్రశాంతత కావాలంటే ఆ మూడు రోజులే తప్పించుకోవాలి.

గడియారం కూడా కాస్త సర్దుకోవాలి. జైసల్మేర్ మనకు చాలా పడమరగా ఉంది, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. డిసెంబరు చివర అక్కడ సూర్యోదయం ఏడున్నరకు గానీ కాదు. సూర్యాస్తమయం ఆరుకు కాస్త ముందు, సంక్రాంతి నాటికి ఆరుంబావు దగ్గర. విజయవాడ అలవాటు ప్రకారం ఐదింటికి లేచి పిల్లల్ని లేపి దిబ్బెక్కిస్తే రెండు గంటలు చలిలో వణకడమే. ఆరున్నరకు లేస్తే చాలు.

సమ్, ఖూరీ, వాటి క్యాంపులు

థార్ అంటే ఎటు చూసినా ఇసుకే అనుకుంటారు. నిజానికి చాలా భాగం రాతినేల, ముళ్ళపొదలు, గడ్డి. జైసల్మేర్ ఊళ్ళో దిగితే ఇసుక దిబ్బ ఒక్కటీ కనపడదు. దిబ్బలున్న చోట్లు విడివిడిగా ఉన్నాయి. పర్యాటకులు వెళ్ళేవి రెండు: పడమరగా సమ్, నైరుతిగా 50 కిలోమీటర్ల లోపు ఖూరీ.

సమ్ దిబ్బలు పెద్దవి, అందమైనవి. జనం కూడా అక్కడే. రోడ్డు పొడుగునా వరసగా క్యాంపులు, ప్రతి దాన్లో స్పీకర్లు. సెలవు రోజుల్లో సాయంత్రం దిబ్బల మీద జీపుల మోత, టీ అమ్మేవాళ్ళు, ఒంటెల వాళ్ళు, పారాగ్లైడర్లు. ఖూరీ చిన్న పల్లె, దిబ్బలు చిన్నవి, హడావుడి తక్కువ. పెద్దవాళ్ళు ఎక్కడానికి సులువు, రాత్రి ఆకాశం చీకటిగా ఉంటుంది. కాలేజీ స్నేహితులైతే సమ్ నచ్చుతుంది. తల్లిదండ్రులతో వెళ్ళేవాళ్ళకు ఖూరీ అని మొహమాటం లేకుండా చెప్పొచ్చు.

క్యాంపు ప్యాకేజీలో మామూలుగా సాయంత్రం టీ, ఒంటె సవారీ, పాటలూ ఆటలూ, రాత్రి భోజనం, మర్నాడు టిఫిన్ ఉంటాయి. జీపు సఫారీకి చాలాచోట్ల విడిగా తీసుకుంటారు. చెక్-ఇన్ మధ్యాహ్నం, చెక్-అవుట్ ఉదయం 10 ప్రాంతంలో. బుక్ చేసేముందు ఫోన్లో అడిగి, జవాబులు వాట్సాప్‌లో రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎందుకంటే గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి. క్యాంపు నుంచి దిబ్బకు నడిచి ఎంత దూరం? చాలా క్యాంపులు దిబ్బల మీద ఉండవు, రోడ్డుకు ఇవతల చదును నేల మీద ఉంటాయి. ఫొటోలో వెనక కనిపించే దిబ్బ కిలోమీటరు అవతలిది కావచ్చు. మ్యాప్ లొకేషన్ పంపించమంటే తేలిపోతుంది. ఒంటె సవారీ ఎన్ని నిమిషాలు, ఒక ఒంటెకు ఎంతమంది? ప్యాకేజీ సవారీ పావుగంటలో ముగుస్తుంది. వేడినీళ్ళు గీజర్ నుంచా, బకెట్‌తో తెచ్చిస్తారా, ఏ వేళల్లో? జనరేటర్ రాత్రి ఎన్నింటికి ఆపుతారు? మనిషికి ఎన్ని రగ్గులు? డీజే ఎన్నింటికి ఆగుతుంది?

స్విస్ టెంట్ అన్న పేరు విని మురిసిపోనక్కర్లేదు. అది సిమెంటు గచ్చు మీద నిలబెట్టిన మందపాటి గుడ్డ గుడారం, వెనకాల బాత్రూము. చూడ్డానికి బాగుంటుంది గానీ జనవరి రాత్రి రెండింటికి బయట ఎంత చలో లోపలా అంతే. అదే క్యాంపులో మట్టిగోడల గుడిసె గదులుంటే, అవి పగటి వేడిని దాచుకుని రాత్రికి వదులుతాయి. పసిపిల్లలున్నవాళ్ళు అవే అడగాలి.

పాటల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఈ ప్రాంతపు మంగణియార్, లంగా గాయకులు తరతరాలుగా పాడుతున్నవాళ్ళు. కమాయిచా అనే తంత్రీ వాద్యం, చేతిలో టకటకలాడే ఖడతాళ్ వాళ్ళవి. కాల్బేలియా నృత్యాన్ని 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. రద్దీ క్యాంపుల్లో వీళ్ళ చేత అరగంట పాడించి, మిగతా సమయం సినిమా పాటలతో నింపేస్తారు. స్పీకరు లేకుండా పాడే కార్యక్రమం ఉందా అని అడిగితే ఏ క్యాంపు ఏమిటో తెలిసిపోతుంది.

జైసల్మేర్‌లో దిగినప్పటి నుంచి ఇంకో తలనొప్పి ఉంటుంది. నమ్మలేనంత చవగ్గా గది ఇచ్చే కొన్ని చిన్న హోటళ్ళ అసలు వ్యాపారం సఫారీ. వాళ్ళ దగ్గర సఫారీ తీసుకోకపోతే గది ఖాళీ చెయ్యమనేదాకా వస్తుంది. సమ్ రోడ్డు మీద బైకుల మీద కారును వెంబడించి తమ క్యాంపుకు రమ్మనేవాళ్ళుంటారు. మీరు బుక్ చేసిన క్యాంపు మూసేశారని కూడా చెబుతారు. కారు ఆపకుండా క్యాంపుకే ఫోన్ చేస్తే సరి. అడ్వాన్సు వ్యక్తుల యూపీఐ నంబరుకు మొత్తం పంపడం కంటే కొంత పంపి మిగతాది అక్కడ ఇవ్వడం మేలు. దిబ్బల దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు, ఫోన్‌పే తిరుగుతూ ఉండిపోతుంది. జీపుకు, టీకి, టిప్పులకు నోట్లు దగ్గరుంచుకోవాలి.

ఊళ్ళో బసకు కోట లోపలి గది రొమాంటిక్‌గా అనిపిస్తుంది. 1156లో రావల్ జైసల్ కట్టించిన ఈ కోటలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. 2013లో యునెస్కో జాబితాకెక్కింది. కానీ కొండ కింది పొరలు మెత్తటివి. బాత్రూముల నీళ్ళు లోపలికి ఇంకి గోడలు, బురుజులు దెబ్బతింటున్నాయి. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ ముప్పులో ఉన్న ప్రపంచ కట్టడాల జాబితాలో 1996లోనే దీన్ని చేర్చింది. కోట బయట గది తీసుకుని, దాని డాబా మీద నుంచి కోటను చూడటం కోటకూ మంచిది, ఫొటోకూ మంచిది. లోపలి జైన ఆలయాలు చూడాలంటే ఉదయమే వెళ్ళాలి, మధ్యాహ్నానికి సందర్శకులను ఆపేస్తారు.

ఇసుక మీద ఆ రెండు గంటలు

ఊళ్ళో మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరితే దారిలో కుల్ధారా చూసుకోవచ్చు. పాలీవాల్ బ్రాహ్మణులు వదిలేసి వెళ్ళిన ఊరు, మొండిగోడల వీధులు. ముప్పావు గంట చాలు. దయ్యాల కథలకు చెవి ఇస్తే గంటన్నర పోతుంది. నాలుగింటికి క్యాంపులో సామాను పడేసి నేరుగా దిబ్బల మీదకు వెళ్ళాలి. టీ తర్వాత వెళ్దాం అనుకున్నవాళ్ళకు పొద్దు చిక్కదు.

దిబ్బ ఎక్కడానికో పద్ధతుంది. ప్రతి దిబ్బకూ రెండు వాలులుంటాయి. గాలి వచ్చే వైపు వాలు నిదానంగా ఉంటుంది, ఇసుక గట్టిగా అణిగి, మీద అలల చారలు పడి ఉంటుంది. అవతలి వైపు గాలి ఎత్తుకొచ్చిన ఇసుక జారిపడి 30 డిగ్రీలు దాటిన నిటారు వాలు అవుతుంది. అక్కడ ఇసుక వదులు. అడుగు వేస్తే కాలు లోతుకు దిగి, రెండడుగులు పైకి వేస్తే ఒకటి కిందికి జారుతుంది. జనం రోడ్డు వైపు నుంచి ఏది ఎదురైతే అదే ఎక్కడం మొదలుపెట్టి పది అడుగులకే ఆయాసపడతారు. చారలున్న వైపు వెతుక్కుని, ఏటవాలుగా ఎక్కి, శిఖరపు అంచు వెంబడి నడవాలి. దిగేటప్పుడు మాత్రం వదులు వైపే సరదా, మడమలు గుచ్చుకుంటూ దిగొచ్చు. మొదటి వరస దిబ్బల మీదే జనమంతా ఆగిపోతారు. రెండు వరసలు దాటితే అడుగుజాడలు లేని ఇసుక దొరుకుతుంది. వెనక్కి వచ్చే దారికి క్యాంపు దీపాలో టవరో గుర్తుపెట్టుకుని వెళ్ళాలి, చీకట్లో అన్ని దిబ్బలూ ఒక్కలాగే ఉంటాయి.

ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్ళు ముందు లేస్తాయి, ఎక్కినవాళ్ళు ఒక్కసారిగా ముందుకు తూలతారు. కూర్చునేటప్పుడు ముందు కాళ్ళు ముందు మడుస్తుంది, మళ్ళీ ముందుకే తూలుతారు. కాబట్టి రెండుసార్లూ వెనక్కి వాలి, జీను ముందున్న కొయ్య గట్టిగా పట్టుకోవాలి. ఫోన్ జేబులో ఉండాలి, చేతిలో కాదు. వదులుగా ఉండే ప్యాంటు వేసుకుంటే తొడలు ఒరుసుకోవు. చీరతో కష్టం. నడుం నొప్పి, డిస్కు సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కకూడదు. ఇరవై నిమిషాలు దాటితే ఎవరికైనా సరదా తీరిపోతుంది. ముక్కు దగ్గర పుండు, జీను కింద రాపిడి గాయం కనిపిస్తే ఆ ఒంటెను ఎక్కకుండా వేరేది అడగొచ్చు.

జీపు సఫారీలో ప్రమాదం ఎక్కువ. ఓపెన్ జీపులో నిలబెట్టి, కడ్డీ పట్టుకోమని, దిబ్బ అంచు మీద నుంచి దూకిస్తారు. పడి చేతులు, నడుములు విరిగే ప్రమాదం అక్కడే. కూర్చునే వస్తాం, నెమ్మదిగా నడపండి అని ఎక్కకముందే చెప్పాలి, ఎక్కాక చెబితే వినపడదు. సొంతంగా అద్దె కారు నడుపుకుంటూ వెళ్ళినవాళ్ళు తారు రోడ్డు దిగి ఇసుకలోకి పోనివ్వకూడదు. ఇసుకలో నడిపే జీపులకు టైర్లలో గాలి సగానికి దించుతారు, టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. మామూలు గాలితో వెళ్ళిన కారు దిగబడుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే చక్రం తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది. ఇంజను ఆపి, చక్రాల ముందూ వెనకా ఇసుక తీసి, గాలి తగ్గించి, వచ్చిన జాడలోనే వెనక్కి తీయాలి.

పొద్దున్న దిబ్బల మీద జనం ఉండరు. సాయంత్రం కంటే అదే మంచి సమయం. రాత్రి గాలికి పాత అడుగులన్నీ చెరిగిపోయి, వాటి మీద పురుగుల జాడలు కుట్టు వేసినట్టు సన్నగా కనిపిస్తాయి. మధ్యలో ఎక్కడైనా నక్క అడుగులు.

పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు మరో రోజు కలుపుకోవాలి. మన నంద్యాల జిల్లా రోళ్ళపాడులో ఒకప్పుడు కనిపించిన బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఇప్పుడు దేశంలో ప్రధాన ఆవాసం జైసల్మేర్ జిల్లాయే. సమ్, ఖూరీల చుట్టుపక్కలంతా వ్యాపించిన డెజర్ట్ నేషనల్ పార్కే దానికి ముఖ్య ఆశ్రయం. సమ్‌లోనే 2019లో ఈ పక్షి సంతతిని పెంచే కేంద్రం పెట్టారు.

సంచిలో ఏముండాలి

మన దగ్గర స్వెట్టర్ అంటే పేరుకే. అక్కడ పగలు చొక్కా చాలు, చీకటి పడ్డ గంటలో చలి కొరుకుతుంది. పొడి ఇసుక వేడిని లోతుకు దాచుకోదు, మబ్బూ తేమా లేని ఆకాశంలోకి ఆ వేడి ఇట్టే పోతుంది. ఒక లావుపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకునేవి నయం: లోపల థర్మల్, దాని మీద స్వెట్టర్, పైన గాలి ఆపే జాకెట్. మంకీ క్యాప్, రెండు జతల ఊలు సాక్సులు. పగలు పట్టీల చెప్పులు, రాత్రికి బూట్లు. పెదాలు, మడమలు పగులుతాయి కాబట్టి కొబ్బరినూనె లేదా వ్యాజిలీన్ ఉండాలి. పొడిగాలికి కొందరు పిల్లలకు ముక్కు నుంచి రక్తం వస్తుంది, రాత్రి ముక్కు లోపల కాస్త వ్యాజిలీన్ రాస్తే తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ చెక్-ఇన్ సంచిలో పెట్టకూడదు. కాంటాక్ట్ లెన్సుల బదులు కళ్ళజోడు. కెమెరా లెన్సు ఇసుక మీద మార్చొద్దు.

భోజనంలో బాజ్రా రొట్టె, దాల్ బాటీ, గట్టే కూర, కేర్ సాంగ్రీ ఉంటాయి. అన్నం దొరుకుతుంది గానీ మన కూరలుండవు. పచ్చడి సీసా లేకుండా గుంటూరు కుటుంబం కదలదు కాబట్టి ఒక మాట: కారప్పొడి, మిరప పచ్చళ్ళు క్యాబిన్ సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర పోయినట్టే. నూనె కారకుండా కట్టి చెక్-ఇన్‌లో వెయ్యాలి. ఎండు కొబ్బరి చెక్-ఇన్‌లో ఒప్పుకోరు. పవర్ బ్యాంకు మాత్రం క్యాబిన్‌లోనే ఉండాలి. డ్రోన్ ఇంట్లో వదిలెయ్యండి, అది సరిహద్దు జిల్లా.

తనోట్ వైపు, తిరుగు దారి

ఐదో రోజు దొరికితే తనోట్ మాత గుడి, లోంగేవాలా కలిపి ఒక పూర్తి పగలు. జైసల్మేర్ నుంచి తనోట్ 120 కిలోమీటర్లు. గుడిని సరిహద్దు భద్రతా దళం చూసుకుంటుంది, యుద్ధంలో పేలకుండా పడిన పాకిస్తాన్ గుండ్లు అక్కడ పెట్టారు. 1971 డిసెంబరు 4 రాత్రి పోరు జరిగిన లోంగేవాలా అక్కడికి దగ్గరే. గుడి దాకా మనకు పాసు అక్కర్లేదు, అవతలి సరిహద్దు పోస్టు దాకా వెళ్ళాలంటే దళం అనుమతి, గుర్తింపు కార్డు కావాలి.

మన వైపు చాలా ఇళ్ళకు ఇక్కడే చిక్కు. అమెరికా నుంచి వచ్చిన కూతురు, అల్లుడు, అక్కడి పాస్‌పోర్టున్న మనవలు కూడా కారులో ఉంటారు. విదేశీ పౌరసత్వమున్న భారత సంతతి వాళ్ళకిచ్చే ఓసీఐ కార్డున్నా వాళ్ళు విదేశీయులే. జైసల్మేర్, సమ్, ఖూరీలకు ఇబ్బంది లేదు. తనోట్, లోంగేవాలా వైపు మాత్రం వాళ్ళకు జిల్లా అధికారుల నుంచి ముందస్తు అనుమతి ఉండాలి. సెలవు రోజున వెళ్ళి అడిగితే కార్యాలయం మూసి ఉంటుంది, అందుకని పని దినాల్లోనే ముందుగా తెప్పించుకోవాలి, లేకపోతే ఆ రోజును కుల్ధారాతో, రాజుల స్మారక మంటపాలున్న బడాబాగ్‌తో నింపుకోవాలి. ఈ ప్రాంతం పరిస్థితి కూడా ఓసారి చూసుకుని బయల్దేరాలి. 2025 మేలో ఉద్రిక్తతల సమయంలో జైసల్మేర్, జోధ్‌పూర్ సహా 32 విమానాశ్రయాలు కొన్ని రోజులు మూసేశారు. ఈ రెండూ వైమానిక దళ స్థావరాలు కాబట్టి రన్‌వే మీద ఫొటోలు తీయడం నిషేధం.

చివరి రోజు జైసల్మేర్ నుంచి జోధ్‌పూర్‌కు తెల్లవారాకే బయల్దేరాలి. చీకట్లో ఆ హైవే మీద ఒంటెలు, ఆవులు, నీల్‌గాయిలు అడ్డం వస్తాయి. ఒంటె కాళ్ళు పొడుగు, లైటు కాళ్ళ మధ్య నుంచి దూరిపోయి, దగ్గరికొచ్చేదాకా డ్రైవరుకు కనపడదు. ఎనిమిదింటికి కదిలి, పోఖ్రాన్‌లో ఆగి టీ తాగినా ఒకటిన్నరకు జోధ్‌పూర్ చేరొచ్చు. అంటే విమానం మూడున్నర తర్వాతది ఉండాలి. టాక్సీ మాట్లాడేటప్పుడు టోలు, డ్రైవరు రాత్రి బత్తా, ఖాళీగా వెనక్కి వెళ్ళే ఖర్చు ధరలో కలిసి ఉన్నాయా లేవా అని అడిగి రాయించుకోవాలి. గన్నవరంలో రాత్రి పదకొండు తర్వాత దిగే గుంటూరు వాళ్ళు కారు ముందే చెప్పి ఉంచుకోవాలి, ఆ వేళ అక్కడ దొరికే క్యాబులు విజయవాడ దాటి రావడానికి తిరుగు కిరాయి కూడా అడుగుతాయి.